చొక్కాకి లేని పెద్ద సైజు

బడి పిల్లల బట్టలు కుట్టేవాళ్ళు కొలత ఎంతో అంతకే గుడ్డ కత్తిరించరు. పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదులుతారు, కింది అంచులో ఇంకాస్త మడిచి పెడతారు. పిల్లలు పెరుగుతారు కదా, ఏటా కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. చొక్కా బిగుతయ్యాక ఆ కుట్లు విప్పి, పాత మడత మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కి, కొత్త కుట్టు వేసి ఇస్తే చొక్కాకి ఇంకో ఏడాది ఆయుష్షు. బడి గేటుకి ఎదురుగా మెట్ల కింది గదిలో కాపురం, మిషను రెండూ పెట్టుకున్న టైలరమ్మ ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. నోరు అంతకంటే తిరిగిన మనిషి. చెప్పిన రోజుకి బట్టలు ఇవ్వలేదేమని నిలదీయడానికి వచ్చినవాళ్ళు తామే నాలుగు తిట్లు తిని, వాటితోపాటు ఇంకో రెండు బట్టలు కుట్టడానికిచ్చి వెళ్ళేవాళ్ళు.

ఒకప్పుడు ఆవిడ ఎక్కువగా విప్పేది కింది అంచులే. పిల్లలు పొడుగయ్యేవాళ్ళు. వీధి మలుపులో సైకిళ్ళ కొట్టు తీసేసి అద్దాల హోటలు వచ్చాక లెక్క మారింది. అంచులు వేసిన చోటే ఉంటున్నాయి, పక్క కుట్లు మాత్రం ఏడాదికి రెండుసార్లు విప్పాల్సి వస్తోంది. తల్లులు చొక్కా సంచీలో దాచుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, “టైలరక్కా, కాస్త వదులు చెయ్యి, వీడికి చెప్పకు” అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. పెద్దాపరేషనుకి సంతకం పెడుతున్నట్టు ఉండేవి వాళ్ళ మొహాలు.

ఆ హోటలు సముద్రాల అవతలి కంపెనీది. దాని అసలు పేరు పలకడం పెద్దవాళ్ళ వల్ల కాదు, అందుకని అద్దాల హోటలు అనేవాళ్ళు. లోపల చలిచలిగా ఉంటుంది, పాటలు వస్తుంటాయి, ఎర్ర కుర్చీలు ఉంటాయి. బన్ను మధ్య మాంసం ముద్ద, నూనెలో తేలిన ఆలుగడ్డ పుల్లలు, పక్కన చిన్నపాటి బిందెడంత కూల్‌డ్రింకు. పరీక్షల్లో మంచి మార్కులు వస్తే బడిలోనే కూపన్లు పంచుతారు. మార్కులు తక్కువ వచ్చినవాళ్ళకి ఓదార్పు కూపన్లు. మొత్తానికి బడికి వెళ్ళిన ఏ ఒక్కడూ ఆ అద్దాల తలుపు తోయకుండా ఇంటికి చేరడు.

నిజం చెప్పాలంటే టైలరమ్మకి మొదట్లో ఆ హోటలంటే కోపమేమీ లేదు. గర్వంగానే ఉండేది. తన చిన్నప్పుడు అలాంటి చోట తలుపు దగ్గర నిలబడి చూడటానికి కూడా భయపడేది. ఇప్పుడు తన కూతురు లోపల కూర్చుని కాలు మీద కాలేసుకుని తింటోంది. పైగా బడులు తెరిచే ముందు మెడ వంచితే ఎత్తే తీరిక ఉండదు. పొయ్యి వెలిగించేదెవరు? మొగుడు ఇస్త్రీ, కాజాలు చూసుకుంటాడు, టీ పెట్టడం తప్ప వంట రాదు. “వెళ్ళి ఏదైనా తినిరా తల్లీ” అంటే ఆ ఏదైనా అక్కడిదే.

ఆ కూతురు నెలలు నిండకుండా పుట్టింది. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండటంతో పిట్ట అని పిలిచారు, ఆ పేరే నిలిచిపోయింది. చిన్నప్పుడు రెండు ముద్దలు తినిపించడానికి టైలరమ్మ గదంతా తిరిగేది, కథలు చెప్పేది, చివరికి ఏడ్చేది. అలాంటి పిల్ల అడిగి మరీ తింటుంటే ఏ తల్లికి మాత్రం కడుపు నిండదు? పిట్ట ఒళ్ళు చేసింది. ఇంకాస్త చేసింది. టైలరమ్మ చూస్తూ మురిసింది, తర్వాత చూడటం మానేసింది.

ఇప్పుడు పిట్టకి పదహారేళ్ళు. బడి బ్యాండులో పెద్ద డోలు దానిదే. ఆ డోలు మెడకి తగిలించుకుని నిలబడాలంటేనే మగపిల్లలు మొహం చిట్లిస్తారు, పిట్ట దాన్ని మోస్తూ నడుస్తుంది, కొడుతుంది, మిగతా అందరినీ తన దెబ్బ మీద నడిపిస్తుంది. ముందు వరసలో, సరిగ్గా మధ్యలో. ఆ చోటు కోసం రెండేళ్ళు వెనక వరసలో తాళాలు కొట్టింది. ఊళ్ళోని బడులన్నీ ఆటల పోటీలకి ఊరేగింపుగా వెళ్ళే రోజు పిట్ట డోలు దెబ్బ వినపడితే, టైలరమ్మ కాలి కింద మిషను దానంతటదే ఆగిపోయేది.

ఈ ఏడు బ్యాండుకి కొత్త కోట్లు అద్దాల హోటలువాళ్ళే ఇస్తామన్నారు. ఊరేగింపు వాళ్ళ హోటలు ముందే మొదలవ్వాలి, ఫొటోలు తియ్యాలి, అదీ ఒప్పందం. అట్టపెట్టెల్లో కోట్లు వచ్చిన రోజు డ్రిల్లు మాస్టారు టైలరమ్మని సూదీ దారంతో రమ్మన్నాడు, గుండీలూ అవీ ఊడితే కుట్టడానికి. బడి హాల్లో పిల్లలు ఎర్ర కోట్లు వేసుకుని, భుజాల మీది బంగారు కుచ్చులు ఊపుకుంటూ ఒకటే గోల. ఛాతీ మీద అరచెయ్యంత కంపెనీ గుర్తు.

పిట్ట అన్నిటికంటే పెద్ద కోటు తీసుకుంది. చేతులు ఎక్కాయి. గుండీ కాజాని చేరలేదు. ఊపిరి బిగబట్టి లాగింది. రెండు అంచుల మధ్య జానెడు ఎడం అలాగే ఉంది. ఇంకో నలుగురిదీ అదే పరిస్థితి. హాల్లో గోల తగ్గింది. ఎవడో కిసుక్కున నవ్వాడు.

హోటలు మేనేజరు కుర్రవాడే, మెళ్ళో సన్నటి టై. చేతిలో ఫోన్ తిప్పుకుంటూ మర్యాదగానే చెప్పాడు. “ఇంతకంటే పెద్ద సైజు లేదండీ. పైనుంచి ఇంతవరకే పంపుతారు. పట్టనివాళ్ళు ఆ రోజు నడవక్కర్లేదు. మా హోటల్లో కూర్చుని ఊరేగింపు చూడొచ్చు. వాళ్ళకి పెద్ద బకెట్టు చికెను, కూల్‌డ్రింకు ఫ్రీ.” జేబులోంచి కూపన్లు తీసి ఆ అయిదుగురి చేతుల్లో పెట్టాడు.

టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. “మాస్టారూ, మా పిల్ల లేకపోతే డోలు ఎవరు కొడతారు?”

డ్రిల్లు మాస్టారు నీళ్ళు నమిలాడు. ఈల ఊదడానికి తప్ప నోరు తెరిచే అలవాటు లేని మనిషి. “పిల్లనగ్రోవి వాయించే అబ్బాయి ఉన్నాడుగా అమ్మా... వాడికి కోటు పట్టింది...”

పిట్ట కోటు విప్పి మడిచింది. కూపన్ దాని మీద పెట్టింది. కింది పెదవి పళ్ళ కింద నలుగుతోంది. అందరి ముందూ ఏడవకూడదని ఆ పిల్ల పడుతున్న అవస్థ చూసి తల్లి గబగబా అనేసింది. “నేనున్నాగా. ఇటివ్వు. రేపటికల్లా పట్టేట్టు చేస్తాను. ఇదెంత పని నాకు?”

గదికి వచ్చి కోటు తిరగేసి చూశాక గాని తెలియలేదు ఎంత పనో. లోపల గుడ్డ లేదు. నూలుపోగంత కూడా వదల్లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో, కొలత దగ్గరే కత్తిరించి, అంచు మీదే మిషను పరిగెత్తించేశారు. విప్పితే మిగిలేది చీలికలే.

“కొడుకులు!” అంది టైలరమ్మ. “పిల్లల బట్టల్లో గుడ్డ వదలకుండా కుడతారా ఎవరైనా? వీళ్ళకి పిల్లల్లేరా?”

పిట్ట బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. తల్లి మాట ఇచ్చాక దానికి ధైర్యం వచ్చేసింది. “వాళ్ళ సైజులే తప్పమ్మా. బొమ్మలకి కుట్టినట్టు కుట్టారు. నా బడి చొక్కా చూడు, రెండేళ్ళ నుంచి అదే వేసుకుంటున్నా, బ్రహ్మాండంగా పడుతోంది. దాని కొలత చూసి ఇది పెంచు.” ఇస్త్రీ చేసి పెట్టిన బట్టల్లోంచి చొక్కా లాగి, తిరగేసి, కోటు పక్కన పరిచింది.

ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. తండ్రి తల ఎత్తాడు.

“అమ్మా, ఇవేంటి?”

“ఏవి?” అంది టైలరమ్మ, చూడకుండానే.

“ఈ చిల్లులు.”

సూది దిగిన చోటల్లా సన్నటి చిల్లులు, పక్క కుట్టు పొడుగూతా వరసగా. ఆ వరస పక్కన ఇంకో వరస. దాని పక్కన మరొకటి. లోపల వదిలిన గుడ్డంతా అయిపోయాక చంక కింద వేరే గుడ్డ పట్టీ ఒకటి, రంగు కలిసేట్టు చూసి అతికి ఉంది. పిట్ట వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ వెళ్ళింది. బట్టల పెట్టెలోంచి ఇంకో చొక్కా తీసింది. లంగా తీసింది. పండక్కి కొన్న గౌను తీసింది. అన్నిట్లోనూ అవే.

“బట్ట నీళ్ళకి ముడుచుకుంటుంది తల్లీ,” అన్నాడు తండ్రి. “అందుకని మీ అమ్మ అప్పుడప్పుడూ...”

“నాన్నా, నువ్వూనా?”

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చెయ్యడానికి ఇంకేమీ లేక చేతులు తుడుచుకున్నాడు. పాత కుట్టు గీత కనపడకుండా తడిగుడ్డ వేసి నొక్కింది ఆయనే కదా.

పిట్ట బడికి వెళ్ళగానే బట్టలు తీసి, కుట్లు విప్పి, కాస్త జరిపి, తిరిగొచ్చేలోగా మడతలు పెట్టి అక్కడే ఉంచడం టైలరమ్మకి ఎప్పటి నుంచో అలవాటు. మొదటిసారి చేసినప్పుడు, పిల్ల నొచ్చుకోకుండా ఒక్కసారికి అనుకుంది. తర్వాత లెక్క పెట్టుకోలేదు. ఊళ్ళో పిల్లలందరికీ బట్టలు బిగుతయ్యేవి, తల్లులు గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. తన కూతురికి మాత్రం ఏదీ ఎప్పుడూ బిగుతు కాలేదు. టైలరు కూతురికి ఆ మాత్రం సుఖం ఉండొద్దా అనుకుంది.

“బళ్ళో డాక్టరమ్మ వచ్చింది గుర్తుందా?” అంది పిట్ట. “బరువు తగ్గాలి, లేకపోతే ఈ వయసులోనే షుగరొస్తుంది అంది. నేనేమన్నానో తెలుసా? నా బట్టలు నాకు పడుతున్నాయండీ, మీ తూకం మిషనే పాడైంది అన్నా. క్లాసంతా వింటుండగా అన్నా. మెట్లెక్కితే ఆయాసం వస్తే డోలు బరువనుకున్నా. అద్దంలో లావుగా కనిపిస్తే అద్దం పాతదనుకున్నా. ఎందుకంటే నా చొక్కా నాకు పట్టింది!”

“నిన్ను ఎవరూ ఒక్క మాట అనకూడదనే...”

“అందరూ అన్నారమ్మా. నువ్వొక్కదానివే అనలేదు. నేను నిన్నే నమ్మా.”

టైలరమ్మ చొక్కా చేతిలోకి తీసుకుని ఆ చిల్లుల వరసలు చూసింది. ప్రేమ ఎక్కువై చేశాను అని చెప్పుకోవచ్చు, అది అబద్ధమూ కాదు. కానీ ఎదురుగా ఉన్న పిల్ల కళ్ళలో తను అద్దాల హోటలు పక్కనే, అదే ముద్దాయి బోనులో నిలబడి ఉంది. అది తినిపించింది, తను దాచిపెట్టింది. ఆ సంగతి తనకి కూడా ఇప్పుడే తెలిసినట్టు ఆవిడ మిషను ముందు కూలబడింది.

మర్నాడు మధ్యాహ్నం కోటు చంకన పెట్టుకుని అద్దాల హోటలుకి వెళ్ళింది. బడి మధ్యాహ్నం గంట అప్పుడే కొట్టారు, లోపల ఇసకేస్తే రాలనంత మంది పిల్లలు. సగం మంది ఒంటి మీది చొక్కాలు తన చేత్తో పక్కలు విప్పినవే. వరసలో నిలబడలేదు, తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళి కోటు బల్ల మీద పడేసింది.

“బాబూ, ఇంతకంటే పెద్దది లేదన్నావు.”

“లేదు మేడమ్. కంపెనీ రూలు. బ్యాండు ఫొటో అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండాలంటారు.”

టైలరమ్మ అతని నెత్తి మీద వెలుగుతున్న బోర్డు కేసి చెయ్యెత్తింది. “అదేంటి?”

“మెనూ అండీ.”

“చదువు.”

“మేడమ్, వెనక జనం...”

“ఉండనీ. వాళ్ళూ వింటారు. ఆలుగడ్డకి ఎన్ని సైజులున్నాయి? చిన్నది, పెద్దది, పెద్దదాని కంటే పెద్దది. కూల్‌డ్రింకుకి? అదీ అంతే. పెద్దది తీసుకోకపోతే మీ కౌంటరు కుర్రాళ్ళు ఊరుకోరు, ఇంకాస్త ఇస్తే ఇంకా పెద్దది వస్తుంది తీసుకో తీసుకో అని ప్రాణం తీస్తారు. నోట్లోకి వెళ్ళేవాటన్నిటికీ పెద్ద సైజుంది మీ దగ్గర. చొక్కాకి మాత్రం లేదా? తినేటప్పుడు మా పిల్లలు మీ పిల్లలు, ఫొటోలో మాత్రం మీకు పరాయివాళ్ళా?”

పిల్లల నమలడం ఆగింది. మేనేజరు మొహం మాడిపోయింది. అంత కోపంలోనూ టైలరమ్మ కళ్ళు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. టై వెనక అతని చొక్కా గుండీ ఊడిపోయి ఉంది. ఆ చోట పిన్నీసు పెట్టి, దాన్ని కప్పడానికే టై కిందికి లాగి కట్టుకున్నాడు. పక్కల్లో కుట్లు ఎప్పుడు తెగుదామా అని చూస్తున్నాయి. పూటపూటా ఇక్కడిదే తిని బతుకుతున్నట్టున్నాడు.

“నువ్వు ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన చొక్కానా అది?” అంది, ఈసారి నెమ్మదిగా.

అతను టై మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఇంకో కోటు తెచ్చి ఇచ్చాడు. “రెండూ కలిపి ఒకటి చెయ్యండమ్మా. నేను చూడనట్టుంటాను. కానీ ముందు వరస వద్దు. మూడో వరసలో, తాళాలతో. అంతకంటే నా చేతుల్లో లేదు.”

యుద్ధం గెలిచినట్టు ఇంటికొచ్చింది టైలరమ్మ. రెండో కోటు నిలువునా చీల్చి, ముక్కలు మొదటిదాని పక్కల్లో పెడితే ఎవడికీ తెలియదు. అతుకు కనపడకుండా కుట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. కత్తెర చేతిలోకి తీసుకుంది.

“వద్దు,” అంది పిట్ట.

“మూడో వరసైతే ఏమే? ముందు అడుగైతే పెట్టు, తర్వాత...”

“నాకు మూడో వరస వద్దు. ఆ కోటూ వద్దు. నువ్వు ఇంకోసారి నన్ను అతికి దాచొద్దు.” మేకుకి వేలాడుతున్న టేపు తీసి తల్లి చేతిలో పెట్టింది. “నా కొలతలు తియ్యి.”

టైలరమ్మ కూతుర్ని టేపు పెట్టి కొలిచి ఏళ్ళయింది. కంటి చూపుతోనే కుట్లు జరిపేది. ఇప్పుడు నడుం చుట్టూ టేపు తిప్పి రెండు కొసలూ కలిపింది. అంకె చూసి గొంతులోనే మింగింది.

“గట్టిగా చదువు. నాన్నకి కూడా వినపడాలి.”

చదివింది. నడుం, ఛాతీ, దండచెయ్యి, ఒక్కోటీ చదివింది. తండ్రి తల వంచుకుని విన్నాడు. పిట్ట కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కానీ నిటారుగా నిలబడింది, తుడుచుకోలేదు.

“సరే,” అంది చివర్న. “అది నేను. తగ్గాలో వద్దో, ఎంత తగ్గాలో, డాక్టరమ్మని మళ్ళీ కలిసి నేను చూసుకుంటా. ఆ హోటలు గడప తొక్కను, అది కూడా నా ఇష్టంతోనే. కానీ డోలు నాది. సన్నబడ్డాక ఇస్తామంటే కుదరదు. ఇప్పుడున్న ఒళ్ళే రెండేళ్ళు కష్టపడి నేర్చుకుంది. ఈ కొలతకి తెల్ల చొక్కా కుట్టు. లోపల గుడ్డ వదలకు.”

“వదలకుండా ఎలాగే? బిగుతైతే...”

“బిగుతైన రోజు నాకు తెలియాలి. వదులైన రోజు కూడా ముందు నాకే తెలియాలి.”

మిషను ఎక్కినప్పటి నుంచి టైలరమ్మ పిల్లల బట్టల్లో గుడ్డ వదలకుండా కత్తిరించింది లేదు. గీత దగ్గరికి వచ్చేసరికి కత్తెర దానంతటదే బయటికి జరగబోయింది. పళ్ళు బిగించి గీత మీదే కోసింది. చొక్కా పూర్తయ్యేదాకా ఆ రోజు ఎవరితోనూ దెబ్బలాడలేదు. తల్లులు వచ్చి పలకరించి, ఒంట్లో బాగాలేదేమో అనుకుని వెళ్ళిపోయారు.

ఊరేగింపు నాడు పొద్దున్నే అద్దాల హోటలు ముందు రంగు కాగితాలు కట్టారు. కంపెనీ బ్యానరు, ఫొటోగ్రాఫర్లు, రోడ్డుకి అటూ ఇటూ జనం. టైలరమ్మ మొగుడితో కలిసి మిషను మూసేసి వచ్చింది. ఎర్ర కోట్ల బ్యాండు వరసలు కట్టి నిలబడింది. ముందు వరస మధ్యలో, తెల్ల చొక్కాలో, డోలు మెడకి తగిలించుకుని పిట్ట. అందరికంటే ముందే బడికి వెళ్ళి, సామాన్ల గదిలోంచి డోలు తీసుకుని, వచ్చి నిలబడిపోయిందట. దాని వెనక ఇంకో ముగ్గురు, కోట్లు పట్టనివాళ్ళే, బడి చొక్కాలతో. నాలుగోవాడు మాత్రం అద్దం అవతల బకెట్టు ముందు కూర్చుని ఉన్నాడు. నోటి నిండా పెట్టుకునే వాళ్ళ వైపు చెయ్యి ఊపాడు.

డ్రిల్లు మాస్టారు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు. “ఏం పని ఇది? డోలు ఆ అబ్బాయికిచ్చెయ్.”

“నా అంతట నేను ఇవ్వను మాస్టారూ. మీకు తీసుకోవాలనుంటే మీరే నా మెళ్ళోంచి తియ్యండి. ఇంతమందీ చూస్తున్నారుగా, తియ్యండి.”

పిల్లనగ్రోవి అబ్బాయి తన పిల్లనగ్రోవి రెండు చేతుల్తోనూ పట్టుకుని, “నాకొద్దు సార్, ఆ డోలు మోస్తే నా నడుం విరుగుతుంది” అని గబగబా తన వరసలోకి దూరాడు. జనం నవ్వారు. మాస్టారు పిట్ట కేసి చూశాడు, బ్యానరు కేసి చూశాడు, ఆకాశం కేసి కూడా చూశాడు. “నువ్వు నాకు కనపడలేదు, తెలిసిందా?” అని గొణిగి, పక్కకి వెళ్ళి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

“ఆ తెల్ల చొక్కా అమ్మాయి కొంచెం వెనక్కి!” అని ఫొటోగ్రాఫరు అరిచాడు. మేనేజరు టై సర్దుకుంటూ రెండడుగులు ముందుకేశాడు.

పిట్ట డోలు కొట్టింది. ఆ దెబ్బకి అద్దాలు అదిరాయి. ఆ తర్వాత ఫొటోగ్రాఫరు ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు. బ్యాండు కదిలింది.

టైలరమ్మ పేవ్‌మెంటు మీద కూతురి పక్కనే నడిచింది. కొత్త చొక్కా వీపు మీద నలగకుండా కూర్చుంది. డోలు కర్ర లేచినప్పుడల్లా దండచెయ్యి కండ కదులుతోంది. ఎవడో కుర్రాడు ఏదో కూశాడు. టైలరమ్మ గిర్రున తిరిగి వాడి ఏడు తరాలూ కడిగి, మళ్ళీ పరుగున కూతురి పక్కకి చేరింది. రోడ్డు ఎత్తు ఎక్కే చోటికి వచ్చేసరికి పిట్ట మొహం ఎర్రబడింది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. మెడ మీది పట్టీ కోసుకుపోతోంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది.

టైలరమ్మ ఆగలేకపోయింది. వరసల మధ్యలోకి దూరి, డోలు కింద చెయ్యి పెట్టబోయింది, కాస్త ఎత్తి పట్టుకుంటే చాలు, ఎవరికీ తెలియదు.

“ముట్టుకోకు!” అంది పిట్ట.

టైలరమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

పిట్ట కర్ర పైకెత్తి ఆపింది. బ్యాండు మొత్తం ఆగింది. వెనక వస్తున్న బడులు ఆగాయి, జెండాలు ఆగాయి, వాటి వెనక బస్సులు ఆగి హారన్లు కొట్టాయి. నడిరోడ్డు మీద, ఊరంతా చూస్తుండగా, పిట్ట కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి రొప్పింది. దాచుకోలేదు. ముఖం తిప్పుకోలేదు. చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంది. ఎవరో, “పాపం, ఎవరైనా పట్టుకోండి” అన్నారు. ఎవరో నవ్వారు. టైలరమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వేళ్ళు విరిగేంత గట్టిగా బిగించి, కూతురి ఎదురుగా నిలబడింది. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. ఆ పిల్ల ఒళ్ళు ఎంతుందో, ఆయాసం ఎంతుందో, మొదటిసారి మొత్తం చూసింది.

పిట్ట తనకి ఎంత ఊపిరి కావాలో అంతా తీసుకుంది. తర్వాత తల్లి కళ్ళలోకి చూసి, కర్ర ఎత్తి, ఇందాకటి కంటే గట్టిగా కొట్టింది.